సోనీ ఏ7 ఫోర్, ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ5: ఏ ఫొటోగ్రఫీకి ఏ కెమెరా? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇన్ని కెమెరాలు ఉండగా ఈ రెండింటినే పోల్చడం దేనికి?

ఫోన్ నుంచో పాత డీఎస్‌ఎల్‌ఆర్ నుంచో లోపల అద్దం లేని మిర్రర్‌లెస్‌కు మారాలనుకునేవారు చివరికి ఆగిపోయేది చాలాసార్లు ఈ రెండింటి దగ్గరే. సోనీ ఏ7 ఫోర్‌ను 2021 అక్టోబరులో, ఎక్స్-టీ5ను 2022 నవంబరులో ప్రకటించారు. మొదటిది 33 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మంత సెన్సర్ ఉన్న) కెమెరా, రెండోది 40 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ (అంతకంటే చిన్న సెన్సర్ ఉన్న) కెమెరా. అమెరికాలో విడుదలనాడు బాడీ ధరలు వరుసగా 2,499 డాలర్లు, 1,699 డాలర్లు. చాలామంది ఈ 800 డాలర్ల తేడాను చూసే నిర్ణయానికి వచ్చేస్తారు. నా ఉద్దేశంలో అది తొందరపాటు, ఎందుకంటే తీసే ఫొటోల రకాన్ని బట్టి కొనవలసిన లెన్సుల దగ్గర ఆ తేడా కరిగిపోవచ్చు, రెట్టింపూ కావచ్చు, కొన్నిచోట్ల తిరగబడనూ వచ్చు.

ఫుల్ ఫ్రేమ్‌కూ ఏపీఎస్-సీకీ ఫొటోలో కనిపించే తేడా ఎంత?

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం ఏపీఎస్-సీకి రెండుంపావు రెట్ల పైచిలుకు. ఒకే అపర్చర్ (లెన్సు తెరుచుకునే వెడల్పు, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ), ఒకే షట్టర్ స్పీడ్ పెట్టినప్పుడు దాని మీద పడే మొత్తం వెలుగు కూడా అంత ఎక్కువ కాబట్టి, నాయిస్ (ఫొటోలో చుక్కల గరుకుదనం) విషయంలో సుమారు ఒక స్టాప్‌కు మించిన లాభం ఉంటుంది (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు కావడం). అంటే ఎక్స్-టీ5లో ఐఎస్ఓ (వెలుగుకు సున్నితత్వం) 3200 దగ్గర కనిపించే గరుకుదనం ఏ7 ఫోర్‌లో 6400 దాటాక గాని కనిపించదు. పగటి వెలుగులో తీసిన ఫొటోలను ఆల్బమ్ సైజులో ప్రింట్ చేసి పక్కపక్కన పెడితే ఏది దేనితో తీశారో చెప్పడం కష్టం. రాత్రిపూట, చీకటి మండపాల్లో మాత్రం ఆ ఒక్క స్టాప్ విలువ బాగా తెలుస్తుంది. ఎక్స్-టీ5 సహజ ఐఎస్ఓ పరిధి 125 నుంచి 12800 వరకే ఉంటుంది, ఆపైన ఉన్నవి పొడిగించిన అంకెలు. ఏ7 ఫోర్‌లో అది 100 నుంచి 51200 వరకు వెళ్తుంది. 51200 దగ్గర ఎవరైనా మనస్ఫూర్తిగా తీస్తారని కాదు గాని, 12800 దగ్గర సోనీ ఇంకా నిబ్బరంగానే ఉంటుంది. ఫ్యూజీకి అక్కడ నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ సాయం కావాలి.

40 మెగాపిక్సెల్స్ 33 కంటే ఎక్కువే కదా, మరి ఎక్స్-టీ5 ఫొటోయే స్పష్టంగా ఉండాలి కదా?

మంచి వెలుగు, మంచి లెన్సు, కదలని చెయ్యి, ఈ మూడూ కుదిరితే ఉంటుంది. కాని 33కూ 40కీ మధ్య తేడాను పొడవు, వెడల్పుల్లో లెక్కిస్తే ఒక్కో వైపు పది శాతం మాత్రమే. పైగా చిన్న సెన్సర్‌లో అన్ని పిక్సెళ్లు ఇరికించినందువల్ల లెన్సు లోపాలు ఇట్టే బయటపడతాయి. ఈ సెన్సర్ పూర్తి సత్తాను అందుకోగల లెన్సులు ఇవీ అంటూ ఫ్యూజీఫిల్మే ఒక జాబితా ప్రకటించింది. ఎంతోమంది అభిమానించే పాత 18-55 కిట్ జూమ్, 35 ఎఫ్1.4 అందులో లేవు. అవి పనికిరావని అర్థం కాదు, వాటితో తీసినప్పుడు 40 మెగాపిక్సెళ్ల కోసం పెట్టిన డబ్బులో కొంత ఫైలు సైజుగా మాత్రమే తిరిగి వస్తుందని అర్థం.

నేను పెళ్లిళ్లు తీస్తాను. ఏది తీసుకోవాలి?

పెళ్లిళ్లు వృత్తిగా తీస్తుంటే ఏ7 ఫోర్. దీనికి సెన్సర్ సైజు రెండో కారణమే, మొదటి కారణం ఫోకస్.

మన పెళ్లిలో కెమెరాకు పరీక్ష పెట్టే ఘట్టాలు మూడు నాలుగే, కాని వాటిలో ఒక్కటీ మళ్లీ జరగదు. అడ్డుతెర తొలగి జీలకర్ర-బెల్లం పెట్టే క్షణంలో వధూవరుల ముఖాలు కిందికి వంగి ఉంటాయి, నుదుటి మీద బాసికం, పక్కల నుంచి పూలజడ, వెనుక నుంచి అక్షతలు వేసే చేతులు. కంటిని గుర్తించి ఫోకస్ చేసే వ్యవస్థకు కనిపించేది సగం కన్నే. ఇలాంటిచోట సోనీ ఆ సగం కంటినైనా పట్టుకుని వదలకుండా ఉండే పాళ్లు ఎక్కువ. ఎక్స్-టీ5 కూడా ముఖాన్ని పట్టుకుంటుంది, కాని మధ్యలో ఓ చెయ్యి అడ్డం వచ్చి తొలగాక మళ్లీ అదే ముఖానికి తిరిగి రావడంలో కొంత తడబడుతుంది.

తలంబ్రాల దగ్గర మరో చిక్కు ఉంది. గాలిలోకి ఎగిరిన బియ్యపు గింజలు ముఖాల కంటే కెమెరాకు దగ్గరగా ఉంటాయి కనుక ఫోకస్ వాటి మీదికి దూకుతుంది. సోనీలో అయితే ఏఎఫ్ ట్రాకింగ్ సెన్సిటివిటీని ఒకటికో రెండుకో తగ్గించి, ఫ్యూజీలో అయితే ఏఎఫ్-సీ కస్టమ్ సెట్టింగుల్లో అడ్డంకులను పట్టించుకోకుండా ఉండే రెండో సెట్‌ను ఎంచుకొని, ఘట్టం మొదలయ్యే ముందే సిద్ధంగా ఉండాలి. తలంబ్రాలు అయ్యాక మాత్రం మళ్లీ మామూలు స్థితికి మార్చడం మరిచిపోకూడదు. లేకపోతే అప్పగింతలప్పుడు కెమెరా ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి మారడానికి మొరాయిస్తుంది.

రెండింటిలోనూ రెండు కార్డు స్లాట్లు ఉన్నాయి, రెండిట్లోనూ ఒకేసారి రాసుకునే ఏర్పాటూ ఉంది. డబ్బు తీసుకుని పెళ్లి తీసేవారు ఆ ఏర్పాటు లేకుండా పనిలోకి దిగకూడదని నా గట్టి అభిప్రాయం.

స్టేజీ మీది ఎర్రని లైట్లలో పట్టుచీర రంగు ముద్దయిపోతోంది. ఇది ఏ కెమెరాలో తక్కువ?

ఇది కెమెరా కంటే ఎక్స్‌పోజర్‌కు సంబంధించిన సమస్య. ఎర్ర పట్టుచీర మీద గులాబీ రంగు ఎల్‌ఈడీ వెలుగు పడినప్పుడు మొత్తం ప్రకాశాన్ని గ్రాఫుగా చూపే హిస్టోగ్రామ్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కాని ఎరుపు చానల్ ఒక్కటే హద్దు దాటి, జరీ పోగులకూ చీర మడతలకూ తేడా లేకుండా ఒకే ఎర్రటి మచ్చ మిగులుతుంది. ఎక్స్-టీ5లో మూడు రంగుల హిస్టోగ్రామ్‌ను ఒక బటన్‌కు కేటాయించి ఫొటో తీయకముందే చూసుకోవచ్చు. ఏ7 ఫోర్‌లో తీసిన ఫొటోను తెరమీద తిరిగి చూసేటప్పుడు మూడు రంగులూ విడివిడిగా కనిపిస్తాయి. ఈ విషయంలో ఫ్యూజీ పద్ధతే మేలు. ఏదైనా సరే, అలాంటి వెలుగులో అర స్టాప్ నుంచి ఒక స్టాప్ వరకు తక్కువ ఎక్స్‌పోజర్‌తో కెమెరా ప్రాసెస్ చేయని రా ఫార్మాట్‌లో తీసి, తరువాత నీడలను పైకి లాగడం మంచిది. రెండు సెన్సర్లూ అందుకు చక్కగా సహకరిస్తాయి.

ఎల్‌ఈడీ తెరల ముందు ఎలక్ట్రానిక్ షట్టర్ వాడవద్దు. రెండు కెమెరాల్లోనూ సెన్సర్‌ను చదివే వేగం తక్కువ కాబట్టి ఫొటోలో అడ్డంగా చారలు పడతాయి. శబ్దం వచ్చినా మెకానికల్ షట్టరే నయం. భజంత్రీలు మోగుతుంటే ఆ క్లిక్‌మనే చప్పుడు ఎవరికి వినిపిస్తుంది?

పెళ్లి వీడియో కూడా దీనితోనే తీయవచ్చా?

రెండింటితోనూ తీయవచ్చు. అంకెల్లో చూస్తే ఎక్స్-టీ5దే పైచేయి: 6.2కే వరకు రికార్డింగ్, 4కే 60 ఫ్రేములు. ఏ7 ఫోర్ 4కేలో 30 ఫ్రేముల వరకు సెన్సర్ పూర్తి వెడల్పునూ వాడుకుంటుంది, 60 ఫ్రేములకు వెళ్తే మాత్రం ఏపీఎస్-సీ సైజుకు కుదించుకుంటుంది. స్లో మోషన్ ఎక్కువగా అడిగే క్లయింట్లు ఉన్నవారు ఆ కుదింపును దృష్టిలో పెట్టుకుని మరింత వెడల్పు లెన్సు దగ్గర ఉంచుకోవాలి.

అయితే పందిట్లో పనికొచ్చేవి వేరే రెండున్నాయి. ఒకటి, కెమెరా నుంచి ఎల్‌ఈడీ వాల్‌కు లైవ్ ఇవ్వడానికి హెచ్‌డీఎంఐ కేబుల్ లాగుతాం కదా, ఏ7 ఫోర్‌లో ఉన్నది టీవీలకు ఉండేలాంటి పూర్తి సైజు పోర్టు, ఎక్స్-టీ5లో ఉన్నది మైక్రో పోర్టు. పిల్లలు పరుగెత్తే చోట, కేబుల్‌కు ఎవరి కాలో తగిలే చోట మైక్రో పోర్టు మీద గంటల తరబడి ఆధారపడటం సాహసమే. రెండోది, ఆడియో విని సరిచూసుకోవడానికి సోనీ బాడీలోనే హెడ్‌ఫోన్ సాకెట్ ఉంది, ఎక్స్-టీ5లో యూఎస్‌బీ-సీ పోర్టుకు అడాప్టర్ తగిలించుకోవాలి.

పక్షులు, వన్యప్రాణుల ఫొటోగ్రఫీకి ఏది?

దీనికి సమాధానం తేలిక కాదు, ఎందుకంటే ఇక్కడ రెండు కెమెరాలూ చెరో వైపు లాగుతాయి.

దూరాన్ని దగ్గర చేసే విషయంలో ఎక్స్-టీ5ది స్పష్టమైన ఆధిక్యం. ఒకే 600 ఎంఎం లెన్సుతో ఒకే చోట నిలబడి ఒకే పక్షిని తీశామనుకుందాం. ఎక్స్-టీ5 ఫ్రేములో 40 మెగాపిక్సెళ్లు ఉంటాయి. ఏ7 ఫోర్ ఫొటోను అదే ఫ్రేముకు కత్తిరిస్తే మిగిలేది 14 మెగాపిక్సెళ్లు. పులికాట్‌లో లోతులేని నీళ్లలో దూరంగా నిలబడి మేసే రాజహంసల వంటివాటికి ఈ తేడా చాలా పెద్దది. బరువు కూడా కలిసొస్తుంది: ఫ్యూజీ 150-600 లెన్సు 1,605 గ్రాములు, సోనీ 200-600 లెన్సు 2,115 గ్రాములు. రెండూ జూమ్ చేసినప్పుడు పొడవు పెరగని రకమే కాబట్టి ట్రైపాడ్ మీద తూకం చెడదు.

అందుకు చెల్లించే మూల్యం రెండు చోట్ల ఉంటుంది. ఫ్యూజీ లెన్సు 600 ఎంఎం దగ్గర ఎఫ్8, సోనీ లెన్సు ఎఫ్6.3. తెల్లవారుజామున నల్లమల వంటి అడవిలో, చెట్ల నీడలో ఎఫ్8తో తీయాలంటే ఐఎస్ఓను బాగా పెంచక తప్పదు, అక్కడ చిన్న సెన్సర్ బలహీనత ముందే చూశాం. రెండోది ఫోకస్. ఎక్స్-టీ5లో పక్షులను గుర్తించే సదుపాయం ఉంది, ఖాళీ ఆకాశంలో ఎగిరే కొంగనో గద్దనో అది బాగానే పట్టుకుంటుంది. వెనుక కొమ్మలూ ఆకులూ ఉన్నప్పుడు మాత్రం వెనక్కి జారిపోవడం సోనీలో కంటే ఎక్కువ. వరుసగా తీసే వేగంలో ఫ్యూజీ సెకనుకు 15, సోనీ 10 అన్నది పెట్టె మీద బాగుంటుంది గాని, రా ఫైళ్లతో 15 వేగంలో ఎక్స్-టీ5 బఫర్ (ఫొటోలు కార్డుకు చేరేలోపు ఆగే తాత్కాలిక మెమరీ) కొద్ది సెకన్లలోనే నిండిపోతుంది. సోనీకీ ఒక మెలిక ఉంది: 10 వేగం వచ్చేది నాణ్యతను కొంత వదులుకునే కంప్రెస్డ్ రాలోనే, లాస్‌లెస్ రా ఎంచుకుంటే వేగం దాదాపు 6కు పడిపోతుంది.

నా సలహా ఇది. నేలపట్టులో చెట్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులు, అటపాక పెలికాన్లు, నిలబడిన హంసలు, కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పిట్టలు మీ ప్రధాన విషయమైతే ఎక్స్-టీ5 తీసుకోవడంలో నష్టం లేదు, లాభమే ఎక్కువ. ఎగిరే పక్షులు, ముఖ్యంగా చెట్ల నేపథ్యంలో దిశ మార్చుకుంటూ ఎగిరేవి కావాలంటే ఏ7 ఫోర్. నీళ్లలోకి దూకే లకుముకి పిట్టను సరిగ్గా దూకే క్షణంలో పట్టాలన్నదే లక్ష్యమైతే ఈ రెండూ ఆ పనికోసం చేసినవి కావు, అందుకు సెన్సర్‌ను అతి వేగంగా చదివే స్టాక్డ్ సెన్సర్ కెమెరాలు వేరే ఉన్నాయి. ఇంకొక్క మాట: పొద్దెక్కాక నీటి మీది వేడి గాలి ఆడటం మొదలైతే ఎన్ని మెగాపిక్సెళ్లున్నా దూరపు పక్షి మసకగానే వస్తుంది. ఆ మసకను ఫోకస్ లోపంగా భావించి కెమెరాను సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లేవారు లేకపోలేదు.

ప్రకృతి దృశ్యాలకు?

ఎక్స్-టీ5. ట్రైపాడ్ మీద, తక్కువ ఐఎస్ఓలో, కదలని దృశ్యానికి 40 మెగాపిక్సెళ్లు పూర్తిగా ఉపయోగపడేది ఇక్కడే. దాని తెర మూడు వైపులకు వంగుతుంది కాబట్టి కెమెరాను నిలువుగా బిగించినా పైనుంచి వంగి చూసుకోవచ్చు. సోనీ తెర పక్కకు తెరుచుకుని తిరిగే రకం, వీడియోకు మంచిదే గాని ట్రైపాడ్ మీద అంత సుఖంగా ఉండదు. గండికోట అంచున కెమెరాను కిందికి దించి పెన్నా లోయను తీసేటప్పుడు ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది.

అపర్చర్‌ను ఎఫ్16 వరకు మూసే పాత అలవాటును ఎక్స్-టీ5తో మానుకోవాలి. పిక్సెళ్లు చాలా చిన్నవి కావడంతో ఎఫ్11 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెలుగు చెదరడం) వల్ల స్పష్టత కనిపించేంతగా తగ్గుతుంది. ఎఫ్5.6 నుంచి ఎఫ్8 మధ్య సరిపోతుంది, చిన్న సెన్సర్ కాబట్టి ముందూ వెనకా ఫోకస్‌లో ఉండే లోతు కూడా తగినంత వస్తుంది. 20 ఫ్రేములను కలిపి 160 మెగాపిక్సెల్ ఫొటో ఇచ్చే పిక్సెల్ షిఫ్ట్ కూడా ఇందులో ఉంది, ఏ7 ఫోర్‌లో లేదు. అయితే ఆకు కదిలినా అది పాడవుతుంది కనుక అరకు లోయ కంటే ఆలయ శిల్పాలకు, పాత తాళపత్రాల నకళ్లకు అది ఎక్కువ పనికొస్తుంది.

వీధుల్లో, ప్రయాణాల్లో తీయడానికి?

ఇక్కడ బరువే తీర్పు చెబుతుంది. ఎక్స్-టీ5 బ్యాటరీ, కార్డుతో 557 గ్రాములు, దానికి 180 గ్రాముల 23 ఎఫ్2 లెన్సు. ఏ7 ఫోర్ 658 గ్రాములు, దానికి అదే దృశ్యకోణం ఇచ్చే 35 ఎఫ్1.8 లెన్సు 280 గ్రాములు. 200 గ్రాముల తేడా చేతిలో పట్టుకుని చూసినప్పుడు ఏమీ అనిపించదు, చార్మినార్ చుట్టూ సాయంత్రమంతా నడిచాక మెడకు తెలుస్తుంది. ఎక్స్-టీ5 పైన షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ డయల్స్, లెన్సు మీద అపర్చర్ రింగు ఉండటంతో కెమెరా ఆన్ చేయకుండానే సెట్టింగులు చూసుకోవచ్చు. పాత ఫిల్ముల రంగులను అనుకరించే ఫిల్మ్ సిమ్యులేషన్లు విడుదలనాటికే 19 ఉన్నాయి, జేపెగ్‌తోనే సరిపెట్టుకునేవారికి ఇవి పెద్ద ఆకర్షణ. పచ్చని పొలాలకు వెల్వియా, పాతబస్తీ గోడలకు క్లాసిక్ క్రోమ్ బాగుంటాయి, కాని వెల్వియాలో మనుషుల చర్మం ఎర్రబారుతుంది.

పోర్ట్రెయిట్లకు, వెనుక భాగం మసకబారేలా తీయడానికి?

ధరల అంచనా తిరగబడే చోటు ఇదే. ఎక్స్-టీ5 మీద 56 ఎంఎం ఎఫ్1.2 లెన్సు ఇచ్చే దృశ్యకోణం, మసక రెండూ ఏ7 ఫోర్ మీద 85 ఎంఎం ఎఫ్1.8 ఇచ్చేవాటితో దాదాపు సమానం. ఫ్యూజీ కొత్త 56 ఎఫ్1.2 బరువు 445 గ్రాములు, సోనీ 85 ఎఫ్1.8 బరువు 371 గ్రాములే, ధర కూడా ఫ్యూజీ కంటే బాగా తక్కువ. అంటే ఒకే రకం ఫొటో కోసం చిన్న సెన్సర్ కెమెరాకు బరువైన, ఖరీదైన లెన్సు కొంటున్నామన్నమాట. సోనీ వాడేవారికి ఆపైన ఎఫ్1.4కు వెళ్లే దారీ తెరిచే ఉంటుంది. పోర్ట్రెయిట్లే మీ ప్రధాన వ్యాపకమైతే తక్కువ ధర బాడీని చూసి ఫ్యూజీ వైపు వెళ్లకండి.

ఇంట్లో పిల్లల ఫొటోలకు?

రెండూ చాలు. పరుగెత్తే పిల్లల వెంట పడటంలో సోనీ కొంచెం నయం, రోజూ చేతిలోకి తీసుకోవాలనిపించడంలో ఫ్యూజీ నయం.

లెన్సులు ఎందులో ఎక్కువ, ఎందులో చవక?

సోనీ లెన్సులు బిగించే ఈ-మౌంట్‌కు సిగ్మా, టామ్రాన్ ఏళ్ల తరబడి లెన్సులు చేస్తున్నాయి. 540 గ్రాముల టామ్రాన్ 28-75 ఎఫ్2.8 రెండో తరం లెన్సు ఒక్కటి పెట్టుకుని పెళ్లి మొత్తం తీసేవారున్నారు, సెకండ్ హ్యాండ్‌లోనూ విరివిగా దొరుకుతుంది. ఫ్యూజీ ఎక్స్-మౌంట్‌కు ఆ రెండు కంపెనీలూ 2021, 2022లలో గాని రాలేదు. ఫ్యూజీ 16-55 ఎఫ్2.8 మంచి జూమే, 2024లో వచ్చిన రెండో రకం 410 గ్రాములకు తగ్గింది కూడా. అయినా చీకటిలో ఫుల్ ఫ్రేమ్ ఎఫ్2.8 జూమ్‌తో సమానం కాలేదు. 2025లో వచ్చిన సిగ్మా 17-40 ఎఫ్1.8 ఆ లోటును చాలావరకు పూడ్చింది.

నా దగ్గర పాత కెనాన్ ఈఎఫ్ లెన్సులు ఉన్నాయి. పనికొస్తాయా?

అడాప్టర్‌తో రెండింటికీ తగిలించవచ్చు. ఏ7 ఫోర్ మీద అవి తమ పూర్తి కోణంతో పనిచేస్తాయి, ఎక్స్-టీ5 మీద 50 ఎంఎం కాస్తా 75 ఎంఎం లెన్సులా కనిపిస్తుంది. స్థిరమైన విషయాలకు ఇబ్బంది లేదు, ముహూర్తం వేళ మాత్రం అడాప్టర్‌ను నమ్ముకోవద్దు.

మన ఎండలకూ తేమకూ ఇవి తట్టుకుంటాయా?

రెండు కంపెనీలూ పేర్కొన్న గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో నీడలోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఫొటోలకు సమస్య రాదు గాని, ఎండలో 4కే వీడియో ఆపకుండా తీస్తే వేడెక్కి ఆగిపోవచ్చు. రెండింటి మెనూలోనూ ఆటో పవర్ ఆఫ్ ఉష్ణోగ్రతను హైకి మార్చే ఐచ్ఛికం ఉంది, దాన్ని మార్చి, తెరను బాడీ నుంచి కొంచెం ఎడంగా తెరిచి ఉంచితే మరికొంతసేపు లాగవచ్చు.

విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి తీర ప్రాంతాలవారు ఎండ కంటే తేమకు ఎక్కువ భయపడాలి. వర్షాకాలంలో సంచిలో మూసిపెట్టిన లెన్సు అద్దాల మధ్య సాలెగూడులాంటి ఫంగస్ పడుతుంది. తేమను 40 నుంచి 50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్ కొనడం, అది కుదరకపోతే గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి నెలనెలా మార్చడం తప్పనిసరి ఖర్చుగా లెక్కవేసుకోండి.

ఫ్యూజీ రా ఫైళ్లు లైట్‌రూమ్‌లో బాగా రావంటారు, నిజమేనా?

కొంత నిజం. ఫ్యూజీ సెన్సర్ మీది రంగుల అమరిక మిగతా కంపెనీలకు భిన్నమైన ఎక్స్-ట్రాన్స్ పద్ధతి కావడంతో, షార్ప్‌నెస్ ఎక్కువ పెంచితే దూరపు ఆకుల్లో పురుగుల్లాంటి గీతలు కనిపించేవి. 40 మెగాపిక్సెళ్లలో అది బాగా తగ్గింది. లైట్‌రూమ్‌లోనే ఎన్‌హాన్స్ వాడినా, క్యాప్చర్ వన్‌కు మారినా దాదాపు పోతుంది. అంతకంటే ముందు కంప్యూటర్‌ను చూసుకోండి: ఎక్స్-టీ5 అన్‌కంప్రెస్డ్ రా ఒక్కొక్కటి 80 ఎంబీ దాటుతుంది, కాబట్టి లాస్‌లెస్ కంప్రెస్డ్ ఎంచుకోవడమే తెలివైన పని.

అమెరికాలోనో జపాన్‌లోనో ఉన్న బంధువులతో తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు, కాని కొనేముందు ఆ కెమెరా వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి, కస్టమ్స్ సుంకాన్ని కూడా ధరలో కలిపి లెక్కవేయండి. జపాన్ మార్కెట్ కోసం చేసిన కొన్ని సోనీ కెమెరాల్లో మెనూ జపనీస్‌లో మాత్రమే ఉంటుంది, కాబట్టి కొనేముందు ఇంగ్లిషు ఉందో లేదో అడిగి తెలుసుకోండి. సెకండ్ హ్యాండ్ అంగళ్లలో మరీ తక్కువ ధరకు ఏ7 ఫోర్ కనిపిస్తే ముందుగా మెనూ తెరిచి భాషల జాబితా చూడండి.